బొటనవేలి వైద్యం

బెంగళూరు కుందలహళ్ళి గేటు దగ్గర లాప్‌టాప్‌లు బాగుచేసే ఆయనకి పనిముట్టు ఒక్కటే, కుడిచేతి బొటనవేలు. ఏది చెడినా "నొక్కితే కూసుంటాదప్పా" అనేవాడు.

నా లాప్‌టాప్‌లో వైఫై ఉండుండి పోతుండేది. లోపలి కార్డుకు యాంటెన్నా తీగ తగిలించేచోట ఆవగింజంత గుండీ ఉంటుంది. దాన్ని కూర్చోబెట్టాలని ఆయన బలంగా నొక్కాడు. గుండీ విరిగి తీగతోపాటు ఊడొచ్చింది. మొహంలో ఏ మార్పూ లేదు. గమ్ము చుక్క వేసి, మళ్ళీ నొక్కి, మూత బిగించాడు.

"సూడప్పా, సిగ్నల్ ఫుల్లుగా ఉండాది."

ఉండదా మరి? ఆయన రూటరు మూరెడు దూరంలో ఉంది. అంత దగ్గరైతే యాంటెన్నా లేకపోయినా అందుతుంది. నా గదికి తెచ్చుకుంటే ఒక్క గీతా రాలేదు. మర్నాడు ఉద్యోగం కోసం ఆన్‌లైన్ పరీక్ష. పొద్దున్నే వెళ్ళి నిలదీశాను.

"నా దగ్గర బాగానే పన్జేస్తా ఉండాది. మీ గోడలు మందంగా ఉండాయేమో సూడు."

విరిగిన గుండీ సంగతి ఎత్తితే ఆ బొటనవేలితోనే చెవి గోక్కున్నాడు. వేరే దారిలేక ఆయన రూటరు పక్కనే, ఆయన స్టూలు మీదే కూర్చుని పరీక్ష రాశాను.

ఉద్యోగం వచ్చింది. తానే ఇప్పించానని వీధంతా చెప్పుకున్నాడు. ఇంత సిగ్గులేని మనిషి ఇంకొకడు ఉండడనుకున్నాను.

చేరిన రెండో నెలలో, నేను రాసిన ప్రోగ్రామ్ ఆగిపోయిందని కస్టమర్ ఫోన్ చేశాడు. తప్పు నాదేనని నాకు తెలుసు.

"మా దగ్గర బాగానే పనిచేస్తోందండీ," అన్నాను, ఏమాత్రం తడబడకుండా.