ముప్పై క్లిక్కులు

తొమ్మిదేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. ముప్పై. నన్నెరిగినవాళ్లు వింటే నవ్వుతారు. నా నోట్లో పడ్డ ఏ అంకె కూడా ఉన్నచోట ఉండదు మరి. పెరట్లో కనబడ్డ జానెడు పాము శనివారం పార్టీకి వెళ్లేసరికి ఆరడుగులవుతుంది. నేను ఎలుగుబంటికి గోంగూర పచ్చడి తినిపించాననీ, అది మంచినీళ్ల కోసం వాగుదాకా పరుగెత్తిందనీ మేముండే కాపెల్ ఊళ్లో మా పిల్లలంతా అప్పజెబుతారు. ఈ ముప్పై మాత్రం పెరగలేదు, తరగలేదు. నిజం కాబట్టేనేమో. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అతని పేరు మురళి అనుకోండి. నాకంటే నాలుగేళ్లు చిన్న. ఒకే ఆఫీసు. నన్ను అన్నా అంటాడు. ఇద్దరికీ గ్రీన్ కార్డులు వచ్చిన ఏడాది సరదాగా తుపాకుల సంతకు వెళ్లాం. అక్కడొక ముసలాయన బల్ల మీద పాత సైనిక తుపాకీ తాలూకు యాక్షన్ ఉంది. గొట్టమూ చెక్కా లేకుండా, తూటాను పట్టుకునే ఉక్కు భాగమూ దాని బోల్టూ, అంతే. తుప్పు పట్టి ఉంది. నేను ఊరుకోలేక ఒక కథ అల్లాను. ఎవరో సిపాయి దీన్ని నెలల తరబడి మంచులో మోశాడనీ, చివరి తూటా మిగిలి ఉన్నా ఎవరినీ కాల్చకుండా ఇంటికి నడిచిపోయాడనీ. అప్పటికప్పుడు పుట్టించిందే. మురళి కళ్లు చెమర్చాయి. కొనేశాడు.

దాన్ని వేట తుపాకీగా మార్చడానికి రెండేళ్లు పట్టింది. గొట్టం బిగించే పని తుపాకులు బాగుచేసే ఒక గన్‌స్మిత్‌కి ఇచ్చి, మిగతాదంతా తన గరాజ్‌లోనే చేశాడు. తుప్పు గీకాడు. ఉక్కును అద్దంలా నునుపు చేశాడు. వాల్‌నట్ చెక్కలో ఆ ఉక్కు ఒదిగేలా గాడి తొలిచాడు. ఆ పనికి వాళ్లావిడ సునీత ఆముదం దీపం మీద పట్టిన కాటుక వాడేవాడు. ఉక్కుకు కాటుక పూసి చెక్కలో అదిమి తీస్తే, తగిలిన చోటల్లా నల్ల మచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రమే గీకాలి. మళ్లీ పూయాలి. మళ్లీ అదమాలి. ఇలా వందల సార్లు. ఈ వందలు నిజం వందలే.

శనివారాలు మారిపోయాయి. మురళి ఇంట్లో పార్టీ అంటే మగవాళ్లంతా బిర్యానీ ప్లేట్లు పట్టుకుని నేరుగా గరాజ్‌లోకి పోయేవారు. నేను ఎలుగుబంటిని వాగుదాకా తెచ్చేసరికి హాల్లో చెవి సరిగ్గా వినబడని ఒక పెద్దాయన మాత్రం మిగిలేవాడు. ఒకరోజు కారులో మా ఆవిడ, “మురళి చేతుల్లో ఏదో ఉందండీ” అంది. స్టీరింగ్ మీద నా చేతులు చూసుకున్నాను. వాటిలో ఏముంది? పోనీ అతను గొప్పలు చెప్పుకుంటాడా అంటే, అదీ లేదు. ఎవరైనా అడిగితే చెక్కను అరచేత్తో నిమిరి ఊరుకుంటాడు. మాటలే రానివాడి చుట్టూ మనుషులు మూగుతుంటే నేను తట్టుకోలేకపోయాను. పైగా, కథ నాది. తుపాకీ వాడిదైంది. ఇదేం న్యాయం అనుకున్నాను. అసూయకు న్యాయమని పేరు పెట్టుకుంటే ఎంత హాయిగా ఉంటుందో!

నవంబరులో జింకల వేటకు ఒక రాంచ్‌కి వెళ్లాం. మధ్యాహ్నం మురళి బయట రాంచ్ యజమానితో మాట్లాడుతున్నాడు. తుపాకీ బల్ల మీద ఉంది. పైన గురి చూసే స్కోప్. దాని పక్కన గురిని అటూ ఇటూ జరిపే చిన్న మర ఉంటుంది. మూత తీసి దాన్ని తిప్పాను. ఒక్కో క్లిక్కూ లెక్కపెట్టాను. ముప్పై. గురి తప్పితే చాలు, ఒక్కసారి నవ్వులపాలైతే చాలు అనుకున్నాను. ప్రాణం సంగతి తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా?

సాయంత్రం మంచె మీద కూర్చున్నాం. జింక వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. మురళి తుపాకీని నా ఒళ్లో పెట్టాడు.

“ఫస్ట్ షాట్ నువ్వే కొట్టాలె అన్నా. నువ్వు ఆ సిపాయి కథ చెప్పకపోతే ఇదెక్కడిది?”

“ఛ, పెళ్లికొడుకువి నువ్వైతే నన్ను పీటల మీద కూర్చోబెడతావేంట్రా?”

“చేతులు వణుకుతున్నయ్ అన్నా.”

“ఏం కాదు. కొట్టు.”

ఏం కాదు, కొట్టు. అక్కడ ఒక్క మాట చాలు. కావాలని గాల్లోకి పేల్చినా చాలు. నేను తుపాకీని తిరిగి అతని చేతుల్లో పెట్టాను.

తూటా జింక తొడలో దిగింది. అది మూడు కాళ్ల మీద పొదల్లోకి పోయింది. గడ్డి మీద నెత్తురు వెంట వాగుదాకా వెళ్లాం. ఆ పైన జాడ లేదు. మురళి మోకాళ్ల మీద కూర్చుని తడి ఆకులు ఒక్కొక్కటే తిరగేశాడు. ఒక్క దెబ్బకు పోవాలి, బాధ పడకూడదు, అందుకేగా రెండేళ్లు పట్టింది అని తనలో తనే అనుకుంటున్నాడు. నేను పక్కనే ఉండి టార్చి పట్టుకున్నాను.

తిరిగొచ్చాక అతను చేతులు కడుక్కుంటుంటే మరను వెనక్కి తిప్పేశాను. ముప్పై. వారం తర్వాత, కాల్పులు సాధన చేసే రేంజ్‌లో అతను పేల్చిన మూడు తూటాలూ గురి కాగితం మీద ఒకే చోట పడ్డాయి. మురళి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. “తుపాకీ తప్పేం లేదన్నా. నా చెయ్యే” అన్నాడు. తిప్పడం కంటే తిరిగి తిప్పడమే పెద్ద తప్పని ఆ క్షణంలో అర్థమైంది. అయినా నోరు మెదపలేదు. ఇంత వాగుడుకాయను, మెదపలేదు.

అతను తుపాకీ విప్పేశాడు. ఆ ఉక్కు ఏదో డ్రాయర్‌లో పాత టవల్లో ఉందట. మళ్లీ ఉలి పట్టలేదు. సునీత కాటుక పట్టడం మానేసిందని మా ఆవిడ చెప్పింది.

నా శనివారాలు నాకు తిరిగొచ్చాయి. ఆ జింక కూడా కథైపోయింది. గురి తప్పాక జింక వెనక్కి తిరిగి మురళికి దండం పెట్టిందంటాను. అందరూ పడీపడీ నవ్వుతారు. కొత్తవాళ్లొస్తే మురళే అడుగుతాడు, “అన్నా, ఆ జింకది చెప్పరాదూ.” మొన్న కూడా అడిగాడు. చెప్పాను. అతనూ నవ్వాడు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని.

అతనికి ఎందుకు చెప్పలేదంటారా? ఇదీ నా కల్పనే అనుకుంటాడని కాదు. నమ్ముతాడు, అదే భయం. సిపాయి కథనే నమ్మినవాడు.

ముప్పై అటు, ముప్పై ఇటు. తిప్పింది నేను. ఈ ఒక్క కథకూ నేనేమీ చేర్చలేదు. ఇక్కడిదాకా రాశాక ఊపిరి కాస్త లోపలిదాకా అందుతోంది.