అడిగి తవ్విన నేల

మా ఫిజిక్స్ సార్ పోయారు. ఆదివారం ప్రార్థనకు వెళ్ళొచ్చి, వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, "కాసిని మంచినీళ్ళు తాగొచ్చా?" అని అడిగారట. భార్య గ్లాసు తెచ్చేసరికే కళ్ళు మూసుకున్నారు. ఫోన్లో ఈ సంగతి చెప్పిన వాళ్ళమ్మాయి, "సొంతింట్లో మంచినీళ్ళకి కూడా పర్మిషన్ అడిగే పోయారు ఆంటీ" అంది. ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరికైనా వస్తుంది. ఎరగనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

అరవైల చివరి మాట ఇది. తార్నాకలో ఒక పెంకుటింటి ముందు వాటాలో మేము, వెనక వాటాలో సార్ వాళ్ళు. మాది వ్యవసాయ కుటుంబం. అందరికంటే ముందు పట్నం వచ్చి రైల్వేలో నౌకరీ పట్టింది మా నాన్నే. సార్‌ది గుంటూరు వైపు. వాళ్ళ నాన్నగారు బడిపంతులు, తాతగారు చర్చిలో పనిచేసేవారట. నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతుంటే ఆయన మా డిపార్ట్‌మెంట్లో లెక్చరర్. పొద్దున క్లాసులో నన్ను నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషికే సాయంత్రం మా అమ్మ చేసిన జొన్నరొట్టె పట్టుకెళ్ళి ఇవ్వాల్సి వచ్చేది. రొట్టె అందుకుంటూ కూడా, "ఇందాకటి ప్రశ్నకి జవాబు దొరికిందా?" అనేవారు.

ఆయనకొక పిచ్చి ఉండేది. యుద్ధంలో మందుపాతరలు కనిపెట్టడానికి సైన్యం వాడి పారేసిన యంత్రమొకటి ముషీరాబాద్‌లో పాత ఇనుప సామాన్ల దుకాణంలో కొన్నారు. పొడుగాటి కర్ర, దాని చివర పళ్ళెమంత చక్రం, వీపుకు తగిలించుకునే బ్యాటరీ పెట్టె, చెవులకు హెడ్‌ఫోన్లు. వాల్వులు మార్చి, తీగలు అతికి బతికించారు దాన్ని. చక్రాన్ని నేల మీద మెల్లగా తిప్పుతూ పోతే, కింద లోహం ఉన్నచోట చెవిలో గుయ్యిమంటుంది. దానితో పాత నాణేలు వెతికేవారు. మా గల్లీ పిల్లలు ఆయనకు 'గుయ్యి సారు' అని పేరు పెట్టేశారు. ఆ పిల్లల్ని పిలిచి మరీ హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించేవారు.

దొరికిన నాణెం ఆయన ఉంచుకునేవారు కాదు. స్థలం ఎవరిదైతే నాణెం వాళ్ళదే. అరచేతిలో పెట్టుకుని కాసేపు తిప్పి చూసుకుని ఇచ్చేసేవారు. ఆ కాసేపటి కోసం రోజంతా ఎండలో తిరిగేవారు. సోడా మూతలు, ఎద్దు నాడాలు, విరిగిన గొళ్ళేలు ఎన్ని వచ్చినా మొహం చిట్లించేవారు కాదు.

ఇక అనుమతి సంగతి. క్యాంపస్‌లో మా డిపార్ట్‌మెంట్ వెనక తుమ్మచెట్ల మధ్య బండరాళ్ళ స్థలముండేది. అక్కడ మేకలు కూడా ఎవరినీ అడక్కుండానే మేసేవి. మా సార్ మాత్రం ఆ స్థలంలో యంత్రం తిప్పడానికి ఆఫీసు చుట్టూ తిరిగి, సంతకం పడ్డాకే కాలు పెట్టారు. ఇళ్ళకు వెళ్తే మగవాళ్ళను అడిగి ఊరుకోరు. ఆడవాళ్ళను అడుగుతారు, ముసలివాళ్ళను అడుగుతారు. ఆయన మొదటి ప్రశ్న "ఎక్కడ తవ్వమంటారు?" కాదు, "ఎక్కడ తవ్వకూడదు?" అని. తర్వాత తన జేబులోని పాత రాగి నాణెమొకటి అదే నేలలో జానెడు లోతున పాతి, దాని మీద యంత్రం తిప్పి శబ్దం సరిచూసుకునేవారు. "నేల నేలకీ ఒక గొంతుంటుందమ్మా. అదెలా మాట్లాడుతుందో ముందు తెలుసుకోవాలి" అనేవారు. తవ్వేటప్పుడు గడ్డిని మూతలా కోసి పక్కన పెట్టి, పని అయ్యాక మళ్ళీ కప్పి అరచేత్తో తట్టేవారు. గుంత కనపడిందంటే మనం దొంగల కింద లెక్కేనట.

నాకు ఓపిక తక్కువ. ఆయనకు ఓపిక తప్ప ఇంకేమీ లేదేమో అనిపించేది. అయినా మా ఇంటి గోడు చెప్పుకోవడానికి ఆయనే గుర్తొచ్చారు.

మా అమ్మ చెల్లెల్ని, అంటే మా చిన్నమ్మను, రామంతాపూర్ అవతల ఒక రైతు కుటుంబంలో ఇచ్చారు. పోలీసు చర్యకు ముందు ఊళ్ళన్నీ భయంతో ఉన్న రోజుల్లో, ఆమె భర్త, మా చిన్నాయన, ఇంట్లోని నిజాం నాటి వెండి రూపాయలన్నీ ఒక ఇత్తడి చెంబులో పోసి ఎక్కడో పాతిపెట్టాడు. ఎక్కడో ఎవరికీ చెప్పలేదు. ఆ వెంటనే విషజ్వరం పట్టి, మాట పడిపోయి, పోయాడు. ఇల్లంతా, పెరడంతా తవ్వుకున్నారు. దొరకలేదు. అదే ఏడు చిన్నమ్మ వాళ్ళ నాన్న, మా తాత, ఎడ్లజత కొన్నాడు. ఇంకేముంది, కోడలే చెంబును పుట్టింటికి చేరవేసిందని ఆమె మరిది తీర్మానించాడు. అత్త అవునని అనలేదు, కాదనీ అనలేదు. చిన్నమ్మ పిల్లాజెల్లా లేని మనిషి, ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దంతా చేనుపని చేసేది. కానీ బియ్యపు గది తాళంచెవి ఆమె చేతికి ఇచ్చేవారు కాదు. మరిది ఆమెను వదినె అని పిలవడం మానేసి 'ఆమె' అనేవాడు. మా వాళ్ళెవరూ ఆ గడప తొక్కలేదు. ఇలా ఇరవై ఏళ్ళు.

సార్ అంతా విని, "వాళ్ళని అడగాలి" అన్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సైకిలెక్కి వెళ్ళారు. వెళ్ళి ఏం చెప్పారనుకున్నారు? నేను ఫలానా కోడలి అక్క కూతురికి సార్‌నని చెప్పారు. మీ సొమ్ము దొరికితే మీదే గానీ, అంతకంటే పాతకాలపు నిధి ఏదైనా బయటపడితే మాత్రం తాసీల్దారుకు చెప్పాల్సి ఉంటుందనీ చెప్పారు. మరిది మంచినీళ్ళిచ్చి సాగనంపాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "గవన్నీ ఎందుకు చెప్పిన్రు సార్? వాళ్ళు అంగడికి పోయినప్పుడు పోయి చూసొస్తే అయిపోతుండె గద!"

"చెప్పకుండా తెచ్చుకున్న అనుమతి అనుమతి కాదమ్మా. పైగా దొంగతనంగా వెళ్ళి తీసుకొచ్చామనుకో, ఏమంటారు? మీ పిన్నే చూపించిందంటారు. అప్పుడు ఆవిడ మీద పడ్డ నింద రెట్టింపవుతుంది."

ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళారు. ఆ తర్వాతా వెళ్ళారు. వెళ్ళి వాళ్ళ జొన్నచేను గురించి మాట్లాడి, చివర్లో ఒక్కసారి అడిగి, కాదంటే నమస్కారం పెట్టి వచ్చేసేవారు. చివరికి చిన్నమ్మ అత్త, ఆ ముసలామె, కొడుకుతో అన్నదట: "ఇన్నిసార్లు అడుగుతున్నడు. దొంగయితే ఒక్కసారన్న అడగకుండ వచ్చెటోడు గదరా. తిప్పనియ్యి."

నన్ను కూడా తీసుకురావచ్చా అని వాళ్ళను అడిగే తీసుకెళ్ళారు. ఆ ఇల్లు నేను చూడటం అదే మొదటిసారి. చిన్నమ్మ దొడ్డి గోడ పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికి రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె జుట్టు అప్పటికే సగం తెల్లబడింది.

ఎక్కడ తవ్వకూడదో అడిగారు సార్. తులసికోట దగ్గర వద్దన్నారు, పెద్దల సమాధుల దగ్గర వద్దన్నారు, కల్లంలో అసలే వద్దన్నారు. కల్లమంటే ధాన్యం నూర్చే చోటు. నడుమ గుంజ పాతి, దాని చుట్టూ ఎడ్లను తిప్పుతారు. అక్కడ చెప్పులతో అడుగు పెట్టరు, గడ్డపార దింపితే పంటకు అరిష్టమంటారు. సార్ సరేనన్నారు. దొడ్డి పక్కనే ఉన్న చేను అంచున రాగి నాణెం పాతి శబ్దం చూసుకుని, మధ్యాహ్నం దాకా యంత్రం తిప్పారు. పశువుల కొట్టం, బావి గట్టు, చింతచెట్టు మొదలు, అన్నీ అయ్యాయి. ఒక నాగలి కర్రు ముక్క, కొన్ని నాడాలు, ఒక గంట దొరికాయి. మరిది బీడీ వెలిగించి, "ఉంటే గద దొరికేది" అన్నాడు. అది మా చిన్నమ్మకు వినపడాలనే అన్నాడు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

సార్ హెడ్‌ఫోన్లు తీసి మెళ్ళో వేసుకుని, గోడ దగ్గరికి వెళ్ళారు. "అమ్మా, మీరేమనుకుంటున్నారు? ఆ రోజుది మీకేమైనా గుర్తుందా?"

చిన్నమ్మ ముందు అత్త వైపు చూసింది. ఆ ఇంట్లో ఆమెను ఎవరైనా ఏమైనా అడిగి ఎన్నేళ్ళయిందో. దోషిని నిలదీసినట్టు కాకుండా, తెలిసిన మనిషిని అడిగినట్టు అడగడం అదే మొదలు.

"నాకేం జెప్పలే సార్. కోడి కూయకముందుకే ఎల్లిండు. వచ్చినప్పుడు కాళ్ళకు చెప్పుల్లేవు. నేనే ఆయన కాళ్ళు కడిగిన, గందుకే యాదికున్నది." ఆగింది. "తెల్లారినంక చెప్పులు కల్లం ఒడ్డుకు దొరికినయ్."

మరిది బీడీ పారేశాడు. కల్లంలో ఎవరూ గడ్డపార దింపరని ఎరిగిన రైతు, దాచుకోవడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడ చూసుకుంటాడు? ఇన్నేళ్ళూ అందరూ దాని చుట్టూ తవ్వారు. సార్ మాత్రం కదల్లేదు. కల్లం వైపు చూడను కూడా లేదు. ముసలామె వైపు తిరిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ముసలామెకు రెండు భయాలు. తవ్వితే అరిష్టమన్న భయం ఒకటి. దొరికితే ఇరవై ఏళ్ళు అన్యాయంగా కోడలి ఉసురు పోసుకున్నామని తేలడం ఇంకొకటి. రెండోదే పెద్ద భయమని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. చివరికి కర్ర పట్టుకుని లేచింది.

"చెప్పులు ఇడువు సారూ. పా."

సార్ బూట్లు, మేజోళ్ళు విప్పారు. ఎండకు కాలే ఆ నేల మీద వట్టి కాళ్ళతో అంచు నుంచి చుట్టూ తిరుగుతూ నడుమకు వచ్చారు. గుంజ మొదట్లో ఆగారు. చక్రాన్ని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పారు. తర్వాత ఆయన చేసిన పని నేను చచ్చేదాకా మరచిపోను. గడ్డపార అడగలేదు. హెడ్‌ఫోన్లు తీసి, "అమ్మా, మీరు రండి. పెట్టొచ్చా?" అని అడిగి చిన్నమ్మ చెవులకు పెట్టారు.

"ఏమంటున్నదే?" అంది అత్త.

"గుయ్యిమంటున్నదత్తా!" అని చిన్నమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. చెంబు బయటకు రాకముందే ఆ ఏడుపుతో అందరికీ తెలిసిపోయింది.

మోచేతి లోతున, లక్కతో మూత బిగించిన చెంబు మరిది చేతులకే తగిలింది. దాన్ని తల్లికి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. "దానికియ్యి. వట్టికాళ్ళతోని వచ్చి వాడు దానికే జెప్పిండు, మనకు సమజ్ కాలే" అంది. నడుముకున్న తాళంచెవి కూడా తీసి చిన్నమ్మ ఒళ్ళో వేసింది. మరిది అలాగే మోకాళ్ళ మీద కూర్చుని, "వదినె" అన్నాడు. సార్ అటు తిరిగి గుంత పూడ్చి, అరచేత్తో తడుతున్నారు. ఆయన కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. ఆ హడావుడిలో తన రాగి నాణెం బయటకు తీయడం మరచిపోయారు. ఎప్పుడూ తప్పని ఆయన పద్ధతి ఆ ఒక్కరోజే తప్పింది.

మరుసటి ఏడాది ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో నగరం అట్టుడికింది. కాలేజీలు మూతపడ్డాయి. ఏ ప్రాంతం వాళ్ళన్న ప్రశ్న ప్రతి గల్లీలోనూ వినపడసాగింది. గుంటూరు వైపువాళ్ళు కాబట్టి సార్ వాళ్ళు తలుపులు వేసుకుని ఉండేవారు. మా నాన్న వాళ్ళ గుమ్మం ముందే మంచం వాల్చుకుని పడుకునేవాడు. ఒక పొద్దున బండి కట్టుకుని చిన్నమ్మ మరిది వచ్చాడు. బండిలో జొన్నల బస్తా ఉంది. సార్ తలుపు తీయగానే పిడికిలి విప్పి చూపించాడు. "మీ పైస సారు. దున్నుతుంటే దొరికింది. మీ సొమ్ము మాకెందుకు." తర్వాత ఆ మొరటు మనిషి కాస్త సిగ్గుపడుతూ అడిగాడు: "పట్నం మంచిగ లేదంట. నాలుగొద్దులు గీ అరుగు మీద కూసోవచ్చా?"

కూర్చున్నాడు. గొడవ సద్దుమణిగేదాకా ఇంటికి పోలేదు. ఆ ఇంటి వైపు ఎవరూ వేలెత్తి చూపలేదు. సార్ ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే, "మా కల్లంల వట్టికాళ్ళతోని నడిచిన సారు" అని మాత్రం చెప్పేవాడు. మనుషుల మీద నాకున్న నమ్మకం చాలావరకు ఆ అరుగు మీదే పుట్టింది. ఇప్పటికీ చెడలేదు.

నేను కూడా పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పిల్లలకు ఏ సూత్రం నేర్పానో గుర్తులేదు గానీ, ల్యాబులో పక్కవాడి తీగ ముట్టుకోవాలన్నా ముందు అడగమని నేర్పాను. అది సార్ పెట్టిన భిక్ష.

మొన్న సమాధుల తోటకు చిన్నమ్మ వచ్చింది. నడుము వంగిపోయింది, చూపు ఆనదు. మరిది మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అందరూ తలా గుప్పెడు మట్టి వేస్తుంటే, ఆమె సార్ భార్య దగ్గరికి వెళ్ళి, "అమ్మా, నేను గుడ మన్ను పొయ్యనా?" అని అడిగింది. ఆవిడ తలూపింది. చిన్నమ్మ వంగి మట్టి వేసింది. పూడ్చడం అయ్యాక పైన అరచేత్తో నెమ్మదిగా తట్టింది.

తిరిగి వస్తుంటే కాళ్ళకు ముళ్ళు గుచ్చుకుంటాయని ఆ పిల్లవాడు కంగారుపడ్డాడు. అప్పుడు చూశాను. ఆమె చెప్పులు లోపలికి రాలేదు. గడ్డి మొదలయ్యేచోట, ఒడ్డున, పక్కపక్కనే విడిచి ఉన్నాయి.