సనబ్రియా మాట

డెల్మిరో సనబ్రియా పదిహేడేళ్లపాటు గ్వాలెగ్వాయ్ ఊరి రైల్వే కార్మికుల ఫుట్‌బాల్ క్లబ్బుకు మిడ్‌ఫీల్డులో ఆడాడు. పరుగు తక్కువ, చూపు ఎక్కువ. బంతి తన కాలికి అందకముందే అది ఎవరికి పోవాలో తెలిసిన మనిషి. కొట్టిన గోల్సు పట్టుమని పది లేవు. తోటివాళ్ల చేత కొట్టించినవి కొల్లలు.

ముప్పై రెండో ఏట, గెలిస్తే పై డివిజన్‌కు చేరే మ్యాచ్ వచ్చింది. ఆట ముగిసే వేళకు చెరో గోల్. గోల్ పక్కన, మైదానం చివరి గీత మీద నుంచి డెల్మిరో బంతిని వెనక్కి లాగి తోటివాడికి అందించాడు, గోల్ పడింది. ఊరంతా ఎగిరి గంతేసింది. బంతి ముందే గీత దాటి బయటికి పోయిందని అవతలివాళ్లు రిఫరీ మీద పడ్డారు. ఆయన విసిగిపోయి డెల్మిరో వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పవయ్యా, దాటిందా?"

"దాటింది."

గోల్ పోయింది. దానితో డివిజనూ పోయింది.

"నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదిరా?" గోల్‌కీపర్ బసీలియో బూట్లు విసిరికొట్టాడు. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగినవాళ్లు.

"అడిగాడు, చెప్పాను."

"అయితే ఇకమీదట నాతో మాట్లాడకు."

పదకొండేళ్లు నిజంగానే మాటల్లేవు. మాంసం కొట్టువాడు డెల్మిరోకి ఎముకలే తూచేవాడు. "పోనీలే, సూపు బాగుంటుంది," అనేది భార్య నెలీదా.

ఆటకు స్వస్తి చెప్పిన చాన్నాళ్లకు, ఒక ఉదయం రొట్టెల కోసం వరసలో నిలబడ్డాడు. పక్క ఖాళీ స్థలంలో ఇద్దరు ఆడపిల్లలు బంతి కోసం పోట్లాడుకుంటున్నారు.

"సనబ్రియా మాటగా చెప్పవే, దాటిందా లేదా?"

రెండోది కాసేపు గింజుకుని, "దాటిందిలే," అంది.

ఆయన రొట్టెలు కొనడం మరిచిపోయి ఇంటికి వచ్చేశాడు. సంగతి విని నెలీదా పకపకా నవ్వింది.

"ఊళ్లో నీ పేరు మీద ఒట్లు పెట్టుకుంటున్నారన్నమాట! ముందెళ్లి రొట్టెలు పట్రా."

ఆ ఏడు వసంతంలో పాత ఆటగాళ్ల సరదా మ్యాచ్‌కు డెల్మిరోనీ బసీలియోనీ ఒకే జట్టులో వేశారు. బంతి బసీలియో చేతుల్లోంచి జారింది. గీత దాటిందా లేదా అని గొడవ. బసీలియో తల గోక్కుని చెయ్యెత్తాడు.

"దాటింది. ఒరేయ్ డెల్మిరో, పళ్లికిలించకు. ఇది నువ్వంటించిన రోగమే."

"మందు లేదురా దానికి."

ఓడిపోయారు. తర్వాత నిప్పుల మీద పక్కటెముకల మాంసం కాలుతుంటే, బసీలియో మొదటి ముక్క కోసి డెల్మిరో పళ్లెంలో వేశాడు. ఉప్పు చాలిందా లేదా అని ఇద్దరూ తగువులాడుకుంటూ పొద్దువాలేదాకా తిన్నారు.