టేపక్క ఇంగ్లీషు పరీక్ష

మా తోడికోడలిని హోటల్లో అందరూ టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. పద్దెనిమిదేళ్ళుగా అక్కడి యూనిఫాంలన్నీ ఆవిడే కుడుతోంది. నేను అదే హోటల్లో రిసెప్షన్లో ఉంటాను. కుట్టుగదికి సూపర్‌వైజరు కావాలన్నారు. కాకపోతే మేనేజరు ముందు ఇంగ్లీషులో మాట్లాడి చూపించాలట. ఈవిడ నెగ్గకపోతే, బయటినుంచి నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళ కింద తలవంచుకుని పనిచేయాలి. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండింది. నేర్పే పని నెత్తికెత్తుకున్నాను.

నేర్పడమంటే మాటలా? ఇంగ్లీషులో ఎవరన్నది చెప్పగానే ఏం చేశారో చెప్పాలి, దేన్ని అన్నది ఆ తర్వాతే రావాలి అని చెప్పాను.

"పని ముందే చెప్పేస్తే మిగతాది ఎవరు వింటారే?" అంది.

చివరికి ఆవిడే దారి కనిపెట్టింది. గుడ్డముక్కలమీద ఒక్కో మాట సుద్దతో రాసి, ఇస్త్రీబల్లమీద వరుసగా పరిచి గుండుసూదులు గుచ్చింది. "ఐ షర్ట్ స్టిచ్" అని పెట్టేది. కాసేపు చూసి, "చెయ్యి ఉండాల్సిన చోట కాలరు పెట్టాను" అని ముక్కలు మార్చేది. వారంలో దారిన పడింది.

పోలికల దగ్గరే మొండికేసింది. బల్లలూ కుర్చీలూ అయితే తడుముకోకుండా పోల్చేది.

"నేను లావా, మన అకౌంటెంటమ్మ లావా? ఇంగ్లీషులో చెప్పక్కా."

"చెప్పను. కొలతలు తీసేదాన్ని ఒకళ్ళ పక్కన ఇంకొకళ్ళని పెట్టి మాట్లాడకూడదు. నాకా నోరే ఉంటే ఒక్కళ్ళయినా నా దగ్గరికి వచ్చేవాళ్ళా?"

"పరీక్షలో అడిగితే?"

"అప్పుడు చూద్దాంలే."

నెత్తీ నోరూ బాదుకున్నాను. వింటేగా.

పరీక్షరోజున మేనేజరు నన్నూ అకౌంటెంటమ్మనూ కూడా తన గదిలో కూర్చోమన్నాడు. మొదటి ప్రశ్నలకు టేపక్క చక్కగా జవాబు చెప్పింది. ఆ తర్వాత, నేను భయపడినట్టే, ఆయన మా ఇద్దరినీ చూపించి పోల్చమన్నాడు.

టేపక్క మమ్మల్ని ఎగాదిగా చూసింది. మెడలో టేపు సర్దుకుంది. పద్దెనిమిదేళ్ళ పనితనం గంగలో కలిసిందనుకున్నాను. మేనేజరు పెన్నుకి మూత పెట్టబోయాడు.

"సర్, యువర్ లెఫ్ట్ హ్యాండ్ ఈజ్ లాంగర్ దేన్ యువర్ రైట్ హ్యాండ్" అంది, ఒక్క మాట తారుమారు కాకుండా.

ఎడమచెయ్యి కుడిచేతికన్నా పొడుగట. ఆయన రెండు చేతులూ చాచి చూసుకున్నాడు. ఎడమ మణికట్టు కోటులోంచి రెండు వేళ్ళంత బయటికొచ్చింది.

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే" అన్నాడు.

"చాలామందికి అంతే సార్. మీ కోటు కుట్టినాయన ఒక్క చెయ్యే కొలిచి ఊరుకున్నాడు."

ఆయన కోటు విప్పి ఆవిడ చేతికిచ్చాడు. ఆ తర్వాత కాగితంమీద సంతకం చేశాడు. టేపక్క సూపర్‌వైజరయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బయటికి రాగానే నిలదీశాను. "పోల్చమంది మమ్మల్ని. ఆయన చేతుల మీద పడ్డావేం?"

"నీ నడుం సంగతి వాళ్ళందరి ముందూ చెప్పి, ఇంటికొచ్చి నీ మొహం ఎలా చూడనే?"

"నా నడుముకేమైందక్కా?"

ఆవిడ కోటు భుజాన వేసుకుని చకచకా మెట్లు దిగిపోయింది. ఇల్లు చేరేదాకా వెంటపడి అడిగాను. నవ్వుతుందే కానీ చెప్పదు.