పొగమ్మ పితికిపప్పు, నా తనిఖీ

ఆ రోజుల్లో తిరుపతిలో మంచి భోజనం కోసం హోటళ్ళ బోర్డులు చదువుకుంటూ పోయేవాళ్ళు మోసపోయేవాళ్ళు, జట్కాలు ఎక్కడ ఆగి ఉన్నాయో చూసుకుంటూ పోయేవాళ్ళు బాగుపడేవాళ్ళు. స్టేషను ఎదురుగా అద్దాల బీరువాలు, పాలరాతి బల్లలు, గోడలకు దేవుళ్ళ పటాలు ఉన్న హోటళ్ళలో సాంబారు నిన్నటిదో మొన్నటిదో దేవుడికే తెలియాలి (ఆయన పక్క కొండమీదనే ఉన్నా ఆ సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు). ఈ జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదు. దాన్ని సంపాదించుకునే క్రమంలో ఒక ముసలమ్మ పొట్ట కొట్టబోయాను. ఆ కథ తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆమె బతుకు నిలబడింది నా మంచితనం వల్ల కాదని గుర్తొచ్చినప్పుడు మాత్రం ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది ఏర్పేడు పక్కన ఒక పల్లె. మద్రాసులో పది నెలలు శానిటరీ ఇన్‌స్పెక్టరు చదువు చదివి, ఖాకీ నిక్కరు, మోకాళ్ళదాకా మేజోళ్ళు, నెత్తిన హ్యాటు, చేతిలో నోటు పుస్తకంతో ఉద్యోగంలో చేరాను. ఆ పది నెలల్లో నాకు రెండు విషయాలు బాగా ఒంటబట్టాయి. ఒకటి, లోకమంతా క్రిములతో నిండి ఉంది. రెండు, ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆఫీసరుకు మేము చాటుగా పెట్టుకున్న పేరు ఫినాయిలు దొర. ఆయన రాకముందే ఆ వాసన వచ్చేది. చాలా తక్కువ మాట్లాడేవాడు, అందుకని ఆయనంటే మాకు ఎక్కువ భయం. ముక్కోటి ఏకాదశికి జనం వచ్చిపడతారు, కొండకు బస్సులు కూడా కొత్తగా మొదలైనాయి, కలరా గాని వచ్చిందంటే మన పని అయిపోతుంది అని చెప్పి, ఊళ్ళో తిండి అమ్మే చోటల్లా చూసి, పనికిరానివాటికి లైసెన్సు తీసేయమని రాసి పంపమన్నాడు. ఇరవై రెండేళ్ళవాడికి అంతకంటే రుచికరమైన పని ఏముంటుంది?

అట్లా నోటు పుస్తకం నింపుకుంటూ గూడ్సు షెడ్డు వెనక దారిలో ఉన్న పొగమ్మ హోటలుకు చేరాను. హోటలంటే పెద్ద మాట. బోదగడ్డి కప్పిన ఒక కొట్టం. గుమ్మం ఎంత తక్కువ ఎత్తంటే, ఎంత గొప్పవాడైనా లోపలికి పోవాలంటే ఆమెకు నమస్కారం పెట్టినట్టు వంగాల్సిందే (నా హ్యాటు ఊడి బయటనే పడింది). గోడలు పొగచూరి నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక బెంచీకి మూడు కాళ్ళు, నాలుగో కాలు బదులు రాళ్ళు. ఆ పొగలో నుంచి కళ్ళు తుడుచుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, లైసెన్సు కాగితంలో కూడా సరిగా లేదు. ఇవన్నీ రాసుకుంటుండగా నా కళ్ళు బెంచీ మీద ఉన్న జట్కావాళ్ళ మీద పడ్డాయి. వాళ్ళ మధ్యలో ఒక గంప. గంపలో నానబెట్టిన అనపగింజలు. వాళ్ళంతా మాటలు చెప్పుకుంటూ గింజను వేళ్ళ మధ్య పెట్టి పితుకుతున్నారు. తొక్కు చేతిలో ఉండిపోతుంది, పప్పు ఎగిరి సత్తు గిన్నెలో పడుతుంది. అప్పటిదాకా గుర్రం పగ్గాలు పట్టుకున్న చేతులవి!

సంగటి ఉడికేదాకా ఊరికే కూర్చోకుండా, వచ్చినవాళ్ళంతా తలా గుప్పెడు పితికి పెట్టడం ఆ కొట్టంలో ఆచారమట. ఈ పూట పితికింది రేపటి పులుసుకు. మా ఇంట్లోనూ అనపకాయల కాలంలో మా అమ్మ చుట్టూ కూర్చొని అందరం పితికినవాళ్ళమే. కానీ మద్రాసు పోయి వచ్చినవాడికి అదంతా గుర్తుంటుందా? కస్టమర్ల చేతులు వంటలో పెట్టించడం ఘోరమైన నేరమని, రేపటి నుంచి ఒక్క గింజ బయటివాడు ముట్టినా లైసెన్సు రద్దు చేయిస్తానని కేకలు వేశాను. పొగమ్మ బెదరలేదు, ఎదురూ చెప్పలేదు. సరేనంది. మరి ఇంత రాసుకున్నవాడివి తిని రాస్తే న్యాయంగా ఉంటుంది కదా అంది. వద్దన్నాను. అప్పుడు నోటు పుస్తకం వైపు చూసి మెల్లగా అన్నది:

"నోట్లో పెట్టకుండానే బాగలేదని రాస్తే యెట్లప్పా? నీ పుస్తకానికి నాలిక ఉండాదా?"

జట్కావాళ్ళలో పెద్దాయన, మీసాల మామ అంటారు, చెవులదాకా ఉన్న మీసం చాటున నవ్వాడు. ఆ నవ్వుకు రోషం వచ్చి కూర్చున్నాను. విస్తరిలో పొగలు కక్కే రాగి సంగటి ముద్ద పెట్టి, నడుమ గుంట చేసి, పితికిపప్పు పులుసు పోసింది. వేయించిన ధనియాలు, టెంకాయ, తెల్లగడ్డ, అన్నిటికీ అడుగున ఎక్కడో చెక్కా లవంగం. ఒక్కొక్క పప్పు వెన్నలాగా నాలుక మీద కరిగిపోయింది. రేషను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ తినే రోజులు. నేను రెండో ముద్ద అడిగానో, అడగకుండానే ఆమె పెట్టిందో ఇప్పటికీ గుర్తులేదు. మూడోది మాత్రం నేనే అడిగాను. ఆ సాయంత్రం నోటు పుస్తకంలో 'మళ్ళీ తనిఖీ చేయవలెను' అని రాసుకున్నాను.

మరునాడు మళ్ళీ తనిఖీకి పోయాను. ఆ పైరోజూ పోయాను. (డబ్బులిచ్చే తిన్నాను. చేసిన పాపాల్లో అదొక్కటి లేదు.) అయితే మూడో రోజున విస్తరిలో పితికిపప్పు లేదు, నీళ్ళ చారు ఉంది. నాలుగో రోజూ అదే. బెంచీ మీద సగం మంది లేరు. మీసాల మామ సంగటిని చారులో ముంచి నా వైపు చూశాడు. ఆ చూపు తిట్టినట్టే ఉంది. పితికిపప్పు ఏమైందని పొగమ్మను కొంచెం అధికారంగానే అడిగాను.

"నువ్వే కదప్పా ఎవురూ ముట్టగూడదంటివి. నాకుండేది పది వేళ్ళు. పొయ్యి సూడనా, గింజలు పితకనా?" అంది. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. తర్వాత చారు గరిటె పక్కన పెట్టి, ఇట్లనే ఉంటే ముక్కోటి దాకా పొయ్యి వెలగదని, బండోళ్ళు ఇప్పటికే రేణిగుంట రోడ్డులో ఇంకోచోటు చూసుకున్నారని చెప్పింది.

నిజం చెప్పాలంటే నాకు పశ్చాత్తాపం ముందు పొట్టలోనే పుట్టింది. గుండెదాకా రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆ పూట పొట్ట చెప్పిన మాట విని, హ్యాటు తీసి మూలన పెట్టి, గంప నా దగ్గరికి లాక్కుని నేనే పితకడం మొదలుపెట్టాను. మొదటి గింజ జారి మీసాల మామ మీసంలో ఇరుక్కుంది. "ఇనస్పెట్రయ్యా, ఇది గిన్నె కాదు" అన్నాడాయన, దాన్ని ఏరి గిన్నెలో వేస్తూ. అంతే, ఆయనా ఒక గుప్పెడు తీసుకున్నాడు, పక్కవాడూ తీసుకున్నాడు. నేను పెట్టిన ఆజ్ఞను నేనే ఎత్తేశానన్న సంగతి ఎవరూ పైకి అనలేదు. మరునాటికి పులుసు వచ్చింది, రెండు రోజుల్లో జట్కాలన్నీ వచ్చాయి. రోజూ మధ్యాహ్నం బెంచీ మీద నా చోటు నాకుండేది, గుర్రాల రోగాల గురించీ యాత్రికుల పిసినారితనం గురించీ నాకు చాలా తెలిసింది. పితకడంలో నా చెయ్యి తిరిగింది. ఆఫీసరు రిపోర్టు అడిగినప్పుడు మాత్రం, కస్టమర్లు గింజలు ముట్టే దురలవాటును పూర్తిగా మాన్పించితిననీ, నా ఉత్తరువులు అక్షరాలా అమలు జరుగుచున్నవనీ గ్రాంథికంలో రాసిచ్చాను. అబద్ధానికి గ్రాంథికం బాగా నప్పుతుందని అప్పుడే తెలిసింది.

ముక్కోటికి వారం రోజులుందనగా ఒక మధ్యాహ్నం, ఒళ్ళో గంప పెట్టుకుని, చొక్కా చేతులు మడిచి, మీసాల మామతో పందెం వేసి మరీ పితుకుతున్నాను. ఉన్నట్టుండి పొగలో ఫినాయిలు వాసన తగిలింది. తలెత్తేసరికి గుమ్మంలో మా ఆఫీసరు, వంగి లోపలికి వస్తున్నాడు. కొట్టంలో చేతులన్నీ గాలిలో ఆగిపోయాయి. ఆయన గంపను చూశాడు, గిన్నెను చూశాడు, నన్ను చూశాడు. "ఇదేమిటి?" అన్నాడు.

లేచి నిలబడి నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇంకో రకంగా రాసుకునేవాణ్ణి. "ఇప్పుడే చూశాను సార్. వీళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. గంప స్వాధీనం చేసుకున్నాను" అన్నాను.

మీసాల మామ తల దించుకున్నాడు. పొగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. ఆమె ఒక్క మాట అంటే నా ఉద్యోగం పోతుంది, నేను ఇంకో మాట అంటే ఆమె లైసెన్సు పోతుంది. "అవును దొరా. ఈ బిడ్డ వొద్దు వొద్దని రోజూ చెప్తానే ఉండాడు. నేనే ఇనలేదు. తప్పు నాది" అంది.

నేను నోరు తెరవలేదు. ఇన్నేళ్ళలో చాలా తప్పులు చేశాను గాని, ఆ తెరవని నోరు గుర్తొచ్చినంతగా ఇంకేదీ గుర్తురాదు. ఆఫీసరు గంప దగ్గరికి వచ్చి ఒక గింజ తీసుకున్నాడు. దాన్ని చూడనైనా లేదు, బొటనవేలితో అట్లా నొక్కాడు. పప్పు పోయి గిన్నె నడుమ పడింది. ఇంకొకటి. మరొకటి. మేమంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. ఆయనది చిత్తూరు పక్క పల్లె అని నాకు అప్పటిదాకా తెలియదు.

"రాత్రి నానబెట్టినారా?" అని పొగమ్మను అడిగాడు. అవునంది. నీళ్ళు ఎక్కడివని అడిగాడు. బావివి, కాచి పోస్తానంది. అప్పుడు నా వైపు తిరిగి, "చేతులు కడుక్కోవడానికి నీళ్ళెక్కడ పెట్టించావయ్యా?" అన్నాడు. పెట్టించలేదు. పది నెలల చదువులో మాన్పించడం తప్ప కడిగించడం నాకు తట్టనే లేదు. "గుమ్మం దగ్గర తొట్టి పెట్టించు. సబ్బు పెట్టించు. ముక్కోటి అయ్యేదాకా నువ్వే నిలబడి చెంబుతో నీళ్ళు పోయాలి. కడుక్కున్నవాడే గంప ముట్టాలి" అని చెప్పి, వంగి, వెళ్ళిపోయాడు. లైసెన్సు మాట ఎత్తలేదు. (మరునాటి నుంచి మీసాల మామ జట్కాలో ఒక నాలుగు గిన్నెల క్యారియరు ఆయన ఇంటివైపు పోయి వచ్చేది. దాని గురించి ఎవరూ ఏమీ రాయలేదు.)

ఆ వారమంతా ఖాకీ నిక్కరు వేసుకున్న ప్రభుత్వోద్యోగి ఒకడు బోద కొట్టం ముందు నిలబడి జట్కావాళ్ళ చేతుల మీద నీళ్ళు పోశాడు. వాళ్ళు రెండేసి మార్లు కడుక్కునేవాళ్ళు. వేళ్ళ సందుల్లో మురికి సరిగా పోలేదు, ఇంకొంచెం పొయ్యండి సామీ అని ఒకడు, చల్లగా ఉండాయి అని ఇంకొకడు. వాళ్ళు కావాలనే చేస్తున్నారని తెలుసు, అయినా పోశాను. ముక్కోటి గడిచింది. తిరుపతిలో ఆ యేడు కలరా రాలేదు. పొగమ్మ పొయ్యి ఆరలేదు.

నెల తర్వాత నన్ను నాయుడుపేటకు మార్చారు. పోయే ముందు చివరిసారి తినడానికి పోయి, తిని, చెయ్యి కడుక్కుని, ఇక తప్పదని ఆమె ముందు నిలబడ్డాను. పెద్దమ్మా, ఆ పొద్దు నీ మీద అబద్ధం చెప్పినాను, నా తప్పు నువ్వు నెత్తిన వేసుకున్నావు, దొరకు నిజం చెప్పేసి పోతాను అన్నాను. ఆమె పళ్ళు లేని నోటితో నవ్వింది.

"యాడ నమ్మినాడప్పా ఆయన? నీ ఒళ్ళో గంప, నీ నిక్కరు మీంద తొక్కులు, నీ మీసం మీంద కూడా ఒకటి ఉండె. గంప సాధీనం చేసుకున్నానని నువ్వు చెప్తా ఉంటే ఆ మీసం మీంది తొక్కు కదలతా ఉండె. నవ్వు ఆపుకోలేకనే కదా ఆయన బిరబిరా వంగి పాయె."

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశాను. ఎందరో కుర్ర ఇన్‌స్పెక్టర్లు నా ముందు నిలబడి గ్రాంథికంలో రిపోర్టులు చదివారు. వాళ్ళు అబద్ధం చెప్తున్నారని తెలిసినా కోప్పడలేకపోయేవాణ్ణి. వాళ్ళ పైపెదవి వైపు మాత్రం ఒకసారి చూసి, తల పక్కకు తిప్పుకునేవాణ్ణి. మా ఆఫీసరు ఆ పొద్దు గుమ్మంలో ఎందుకంత తొందరగా వంగాడో అట్లాంటప్పుడు బాగా అర్థమయ్యేది.