మా తమ్ముడి పొట్టలో జిగురు

ఊరి బడితోనే చదువు ముగిసినా, తల్లి లేని తమ్ముళ్లను పెంచి, పెళ్లిళ్లు చేసి, వీధిలో సగం మంది ఆడవాళ్లకు కుట్టుపని నేర్పిన దాన్ని నేను. అయినా మా ఇంటి ఘనత చూపమంటే ముందు చిన్న తమ్ముడినే చూపిస్తాను. వాడు బస్సు డ్రైవరు. ఒకసారి బ్రేకులు పోయిన బస్సును గేర్లతోనే లొంగదీసి, ఇసుక కుప్పకు ఆనించి ఆపాడు. వెనక సీట్లో నిద్రపోతున్న పెద్దాయనకు మెలకువైనా రాలేదు.

అలాంటి వాడికి పొట్ట మొదలైంది. అంతా మరదలి చేతివంట మహిమేనన్నారు. బస్సులో టిక్కెట్టు లేని ప్రయాణికుడు ఒకడు తిరుగుతున్నాడని కండక్టరు రోజూ వెక్కిరించేవాడు. తమ్ముడూ నవ్వేవాడు. స్టీరింగు పొట్టకు తగిలాక నవ్వు పోయి తగవు వచ్చింది. రెండో షిఫ్టు డ్రైవరు కావాలనే సీటు ముందుకు జరిపి పోతున్నాడని వాడి అనుమానం. ఆయన ఒట్టేసినా వినలేదు. సీటును వెనక్కి, ఇంకా వెనక్కి నెట్టుకుంటూ పోతే, చివరికి ఒకరోజు కాలు క్లచ్చుకు అందలేదు.

అప్పటికే మరదలు తిండి సగానికి సగం తగ్గించింది. మొహం పీక్కుపోయింది, చేతులు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం పెరుగుతూనే ఉంది. తిండితో వచ్చిన పొట్టయితే పస్తుకు తగ్గాలి కదా. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయాను.

నీరు చేరిందన్నాడు డాక్టరు. సూది గుచ్చి లాగితే చుక్క రాలేదు. తన పొట్ట అంత గట్టిదని మావాడు గొప్పలు పోయాడు. స్కాను తీశాక పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ సర్జనమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. పెద్దపేగు మొదట్లో చిటికెన వేలంత వేలాడే అపెండిక్సులో గడ్డ పుట్టి, జిగురు ఊరి, పగిలిందట. జిగురుతో పాటు గడ్డ కణాలూ పొట్టంతా పాకాయట. అంత చిక్కటిది సూదిలోంచి ఎలా వస్తుంది? లక్షల్లో ఒకరికి వచ్చే రోగం. మెల్లగా పెరిగే రకమే కానీ, వదిలేస్తే పేగులను నొక్కి ప్రాణం తీస్తుంది. పొట్ట తెరిచి, జిగురంతా తోడి, అంటుకున్న పొరలు ఒలిచి, వేడి చేసిన మందుతో లోపలంతా కడగాలి. ఆలస్యమైతే అదీ కుదరకపోవచ్చంది.

నొప్పి లేని రోగానికి కోతేమిటని తమ్ముడు అడ్డం తిరిగాడు. మరదలు ఏడ్చింది. కండక్టరు బతిమాలాడు. తగవు మరిచి రెండో షిఫ్టు డ్రైవరూ వచ్చి నచ్చజెప్పాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడు.

బతిమాలితే లొంగే రకం కాదని పెంచిన దానికి తెలియదా! వార్డంతా వినేలా సర్జనమ్మతో అన్నాను.

"వదిలేయండమ్మా, వీడికి భయం. చిన్నప్పుడు సూదేస్తారని మంచం కింద దూరితే కాళ్లు పట్టుకుని లాగాను."

"అక్కా, ఊరుకుంటావా లేదా?"

"లాగితే వీడు రాలేదమ్మా, లాగూ వచ్చింది."

నర్సులు మొహాలు తిప్పుకున్నారు. రెండో షిఫ్టు డ్రైవరుకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

"ఆ సంతకం కాయితం ఇటివ్వండి," అన్నాడు తమ్ముడు. "ముందు ఈవిడ నోటికి కుట్లేయండి డాక్టరుగారూ, నా పొట్ట సంగతి తర్వాత."

పొద్దున లోపలికి తీసుకెళ్లినవాణ్ని చీకటి పడ్డాక బయటికి తెచ్చారు. అంతసేపూ ఎవరితోనూ ఒక్క మాట ఆడలేదు నేను. కంటికి కనిపించినదంతా తీసేశామని, ఇకపైన ఏటా స్కాను తప్పదని సర్జనమ్మ చెప్పాకే బెంచీ మీద కూలబడ్డాను.

వాడు మళ్లీ బస్సెక్కాడు. స్కానులు ఇంతవరకు శుభ్రంగానే వస్తున్నాయి. ఆపరేషనుకు జంకే రోగులను సర్జనమ్మ ఇప్పుడు మావాడి దగ్గరికే పంపుతుంది. వాడు చొక్కా ఎత్తి మచ్చ చూపించి, భయమన్నది ఎరగనని, అడిగిన మరుక్షణం సంతకం పెట్టేశానని చెబుతాడు. ఆ మాట విని ఇప్పటికే ఇద్దరు ఒప్పుకున్నారు. అందుకని నేనూ పక్కనే కూర్చుని, అవునవునని తలూపుతుంటాను.