ఎడమ బూటు మేకు

మర్డో టైట్‌కి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కొండెక్కబోయే మనిషి కనిపిస్తే చాలు, వాళ్ళ ఎడమ బూటు ఊడదీసి తీసుకుంటాడు.

కెల్డన్ లోయలో తారురోడ్డు సరిగ్గా ఆయన గేటు ముందు ఆగిపోతుంది. ఆ తర్వాత కాలిబాటే. కార్లు అక్కడే ఆపాలి, ఊరి బూట్లు విప్పి కొండ బూట్లు తొడుక్కోవాలి. జనం ఒంటికాలి మీద గెంతుతూ పారిపోలేని స్థితిలో ఉన్నప్పుడు చూసుకుని, ఆ విప్పిన ఊరి బూటు కోసం మర్డో వరండా దిగి వస్తాడు.

"ఎడమది ఇటివ్వు."

"ఎందుకండీ?"

"దిగొచ్చాక ఇస్తాను. కుడిది నీ దగ్గరే ఉంచుకో, బెంగ పడకు."

"ఎవరికైనా ఒక్క బూటుతో ఏం పనండీ?"

"నాదీ అదే మాట. దీనికోసం నువ్వు తిరిగి రావాలి గదా!"

వరండా గోడకి నలభై మేకులు. మేకుకో బూటు. దాని కింద సుద్దముక్కతో, ఫలానా రోజు, ఫలానా వేళకి దిగొస్తాడని రాత. తిరిగొచ్చినవాడు కప్పు టీ తాగితే గానీ బూటు చేతికి రాదు. ఆ టీ రోడ్డు వేయగా మిగిలిన తారు కన్నా కాస్త చిక్కగా ఉండేది. ఒకసారి దారి తప్పి కారులో వచ్చిన ఫాదరీ గారిని కూడా ఆయన వదల్లేదు. పాపం ఫాదరీ కొండెక్కడానికి రాలేదు, పెళ్ళి చేయించడానికి పక్క లోయకి పోతున్నాడు. అయినా బూటు విప్పించి, టీ తాగించి, బూటిచ్చి, దారి చెప్పి పంపాడు. పెళ్ళి గంట ఆలస్యమైంది.

భూగోళానికి అడుగున ఉన్న దేశం కాబట్టి అక్కడ వసంతం సెప్టెంబరులో. అది వస్తే ఆయన పిచ్చి మరీ ముదిరేది.

"చలికాలం పగవాడు. ఎదురుగా వచ్చి కొడతాడు, కాచుకోవచ్చు," అనేవాడు. "వసంతం బావమరిది. నవ్వుకుంటూ వస్తాడు, భోంచేస్తాడు, పోతూ పోతూ నీ గొడుగు పట్టుకుపోతాడు."

ఈ బూట్ల రాజ్యం కూలిపోవడానికి కారణం ఒక కియా చిలక. కియాలు ఆ కొండల్లో తిరిగే పచ్చ చిలకలు. కారు అద్దం చుట్టూ ఉండే రబ్బరు నుంచి మనిషి ఓపిక దాకా వాటి ముక్కుకి అందనిది లేదు. సెప్టెంబరు చివర్లో అలాంటి చిలకొకటి పట్నం నుంచి వచ్చిన లాయరు గారి బూటుని మేకు మీదనుంచి ఎత్తుకుపోయింది. లాయరు గారు ఒక బూటుతో, రెండు కప్పుల టీతో ఇల్లు చేరి, మూడు పేజీల ఫిర్యాదు రాశారు.

ఆ ఫిర్యాదు హేరా బల్ల మీదకొచ్చింది. హేరా ఆ లోయకి, కొండలకి కాపలాగా కొత్తగా వచ్చిన పార్కు రేంజరు. మంచు గురించి నాలుగేళ్ళు యూనివర్సిటీలో చదివింది. మొగుడు పడమటి తీరంలో చేపల పడవ మీద, రెండేళ్ళ కొడుకు టానే ఆమె చంకలో. పిల్లాడు తుమ్మితే థర్మామీటరు తీసే మనిషి.

"మర్డో, ఇక బూట్లు వద్దు," అంది గేటు దగ్గర. "ఇదిగో, ఆకుపచ్చ పెట్టె. ఎక్కేవాళ్ళు కాగితం మీద పేరు, దారి, తిరిగొచ్చే వేళ రాసి ఇందులో వేస్తారు. దిగొచ్చాక మళ్ళీ తీసి పేరు కొట్టేస్తారు. రోజూ సాయంత్రం నేనొచ్చి చూస్తాను."

"దిగొచ్చాక కొట్టేయడం మర్చిపోతే?"

"మర్చిపోవద్దని పెద్దక్షరాల్లో రాశాం."

"ఓహో, పెద్దక్షరాలా! నాకు తెలీదమ్మాయ్, నేను బడి మానేసేటప్పటికి చిన్నక్షరాలే నేర్పారు."

మొదటివారంలోనే నలుగురు కొట్టేయడం మర్చిపోయారు. హేరా ఇద్దరు మనుషుల్ని, ఒక కుక్కని, ఒక హెలికాప్టర్‌ని లేపింది. ఆ నలుగురూ కింద ఊళ్ళో మిసెస్ పర్విస్ కొట్లో మటన్ పైలు, అంటే కైమా కూరిన రొట్టెలు, తింటూ, "ఎవరో పాపం తప్పిపోయారట," అని కిటికీలోంచి హెలికాప్టర్‌ని చూస్తున్నారు.

మిసెస్ పర్విస్ అంది. "పైలు ఎర వేసి పట్టాను, నాకు పార్కు ఆఫీసు వాళ్ళు మెడల్ ఇస్తారా?"

అయినా ఉత్తర్వు ఉత్తర్వే. జనం పెట్టెలో కాగితం పడేసి, వరండా వైపు చూడకుండా పోసాగారు. ఒక సాయంత్రం హేరా పెట్టె తెరవడానికి వస్తే, ఖాళీ మేకుల కింద బల్ల మీద ఆరు కప్పులు బోర్లించి ఉన్నాయి. మర్డో ఒక్కడే కూర్చుని ఏడో కప్పులో తాగుతున్నాడు. గాలికి మేకులు ఈల వేస్తున్నాయి.

"ఎవరైనా వస్తున్నారా?" అంది.

"లేదు. కప్పులు ఆరబెట్టాను," అన్నాడు. అవి దుమ్ము పట్టి ఉన్నాయి.

అక్టోబరు రెండో గురువారం హేరా కొండ మీద, ఎక్కేవాళ్ళు బస చేసే గుడిసెకి బయల్దేరింది. అక్కడి సందర్శకుల పుస్తకం నిండిపోయింది, కొత్తది పెట్టి రావాలి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. టానేని మిసెస్ పర్విస్ దగ్గర వదిలింది. ఎండ పెళ్ళిపందిరిలా ఉంది. గేటు దగ్గర బూట్లు మారుస్తుంటే మర్డో వచ్చాడు.

"ఆ విల్లు చూశావా?"

పడమటి శిఖరాల మీద మబ్బు వంపు తిరిగి ఉంది, దాని కింద తేటగా నీలం ముక్క.

"చూశాను. వాయవ్య గాలి. వెచ్చటి వాన తెస్తుంది, రాత్రికి. నేను రెండింటికల్లా కిందుంటాను."

"కాగితం రాశావా?"

"పెట్టె తెరిచి చూసేది నేనే. నాకు నేనే రాసుకోనా?"

మర్డో గొంతు సవరించుకున్నాడు. మేకుల వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు. "అయితే... ఊరికే, అలవాటు కొద్దీ... ఎడమది?"

పాపం ముసలాడు, అనుకుంది హేరా. ఆయన సరదా ఎందుకు కాదనాలి? పసుప్పచ్చ కాన్వాసు బూటు ఇచ్చేసింది. దాన్ని ఆయన రెండు చేతులా పట్టుకుని వెళ్ళి మేకుకి తగిలించి, కింద "2" అని రాశాడు.

గుడిసె తలుపు గొళ్ళెం ఊడి ఉంది. బాగుచేసేసరికి గంట పోయింది. అప్పుడే మొదలైంది వాన, రాత్రయ్యేదాకా కాచుకోలేదు. గోరువెచ్చటి వాన మంచు మీద పడితే ఏమవుతుందో హేరా పరీక్షలో పది మార్కులకి రాసింది. ఇప్పుడు చూసింది. పై వాలుల్లో మంచు చరియలు లారీలు బోర్లాపడ్డట్టు కూలుతున్నాయి. దిగొచ్చి చూస్తే, పొద్దున చీలమండ తడవకుండా దాటిన టుటు వాగు నడుముదాకా పొంగి, కాఫీ రంగులో పరిగెడుతోంది. అడుగున బండరాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడు కాళ్ళలోకి తెలుస్తోంది.

మూడయింది. మూడున్నరయింది. వెనక్కి గుడిసెకి పోదామంటే దారి చరియల కిందనుంచే. అప్పుడు తట్టింది ఆమెకి. ఆ లోయలో ఎవరు తిరిగొచ్చారో ఎవరు రాలేదో చూడాల్సిన మనిషి ఒక్కతే. ఆ మనిషి ఇక్కడుంది. పెట్టెలో కాగితం లేదు. మొగుడు ఆదివారం దాకా రాడు. మిసెస్ పర్విస్, ఆఫీసు పనిలో ఆలస్యమైంది అనుకుంటుంది. ప్రపంచంలో తనని లెక్కపెట్టేవాళ్ళు ఇప్పుడు లేరు. ఆ ఆలోచన వానకన్నా చల్లగా వీపు మీద దిగింది.

టానే గుర్తొచ్చాడు. తడిసిన బుగ్గలు, "అమ్మ ఏదీ?" అని తలుపు వైపు చూపు. పదిహేను అడుగుల వాగు. ఎంతని? కర్ర గుచ్చి, ఒక కాలు నీళ్ళలో పెట్టింది.

"దిగావంటే దీన్ని వాగులో పారేస్తా!"

అవతలి ఒడ్డున మర్డో. భుజాన తాడు, చేతిలో పసుప్పచ్చ బూటు, జెండాలా పైకెత్తి.

"మర్డో! నేను వెళ్ళాలి! టానే..."

"పర్విసమ్మ మటన్ పై తినిపించింది! సగం తిన్నాడు, సగం తలకి రాసుకున్నాడు! కాలు తియ్యి!"

"నీకెలా తెలిసింది?"

"రెండింటికి బూటు మేకు మీదే ఉంది! రెండుంబావుకీ ఉంది! మూడింటికి కూడా ఎలా ఉంటుందమ్మాయ్? నాకు లెక్కలు రావు గానీ రెండు వచ్చు!"

హేరా కాలు తీసింది. అప్పుడు ఏడుపొచ్చింది, కానీ వానలో ఎవరికీ తెలియలేదు.

మర్డో మూట కట్టి విసిరాడు. మొదటిది వాగులో పడింది. "అవి నా మంచి మేజోళ్ళు!" అని వాగుని తిట్టి రెండోది విసిరాడు. అది ఆమె ఒళ్ళో పడింది. పొడి ఉన్ని మేజోళ్ళు, కంబళి, తార్పాలిన్, మటన్ రొట్టె. చీకటి పడేలోపు చలి మోసుకొచ్చే దక్షిణపు గాలి మొదలైంది, వాన మంచయింది. ఆమె బండకింద, ఆయన చెట్టుకింద, మధ్యన వాగు. ఆమె కునికితే చలి మింగేస్తుందని, తెల్లారేదాకా అరుస్తూనే ఉన్నాడు. ఒక్కో బూటు కథ. ఎర్ర బూటు పిల్ల, పడిశం పట్టిన బ్యాంకు మేనేజరు, కవలలు, లాయరు.

"ఆ లాయరు బూటు దొరికింది తెలుసా? కియా గూట్లో! గుడ్లు పెట్టింది! ఇప్పుడెలా అడగను?"

పొద్దున గడ్డకట్టిన చలికి పై మంచు కరగడం మానేసింది. వాగు మళ్ళీ చీలమండలోతు. నిన్నటి సంగతేమీ ఎరగని పసిపాపలా పారుతోంది. హేరా దాటి వచ్చి, చేయి చాపింది.

"బూటు."

"ముందు టీ," అన్నాడు మర్డో. వరండా చేరాక ఆ టీ అంతా, చుక్క మిగల్చకుండా తాగింది.

తర్వాతివారం ఆకుపచ్చ పెట్టెలో కాగితం మారింది. పేరు, దారి, వేళ, నాలుగో గడిలో "మేకు నెంబరు". ఆఫీసు వాళ్ళు ఇదేమిటని అడిగితే, హేరా నాలుగు పేజీల శాస్త్రీయ నివేదిక పంపింది. చదివే ఓపిక లేక వాళ్ళు ఒప్పుకున్నారు.

శనివారం ఆమె టానేతో వచ్చేసరికి మర్డో, పక్షి గుడ్లు తినే ఎలుకలకి పైన పెట్టిన బోన్లు చూడ్డానికి కొండెక్కబోతున్నాడు. ఇరవయ్యేళ్ళుగా వారానికోసారి వెళ్తున్నాడు. ఒక్కడే. ఆయన బూటు ఎవరూ అడగలేదు.

"ఎడమది ఇటివ్వు," అంది హేరా.

"నాదా? ఎందుకూ?"

"తిరిగొచ్చాక ఇస్తాను."

మర్డో విప్పిన ఇంటి చెప్పుల్లోంచి ఎడమది తీసిచ్చాడు. "నేను రాకపోతే ఏం చేస్తావ్?"

"నేను చేసేదేం లేదు. వాడు తినేస్తాడు."

అప్పటికే చెప్పు టానే నోట్లో ఉంది.

ఒకటో మేకు కింద హేరా "2" అని రాసింది. మర్డో ఒకటీ నలభైకే పరిగెత్తుకొచ్చాడు.